దిగులు పట్టిన ఇంట్లో అన్నం, నిద్ర

పత్తి ఏరే రోజులు వచ్చాయంటే రేగొండ మండలంలో అప్పుల లెక్కలు కూడా బయటికి వస్తాయి. విత్తనాలకు, ఎరువులకు, మందులకు తొలకరిలో తెచ్చిన అప్పు, దాని మీద వడ్డీ, కౌలు భూమి అయితే కౌలు డబ్బు, అన్నీ ఒక్కసారే గుమ్మం ముందు నిలబడతాయి. మార్కెట్లో పత్తి ధర ఎంత పలికిందో ఊరంతా మాట్లాడుకుంటుంది. అప్పుపడ్డ ఇంట్లో రాత్రి ఎవరు తిన్నారు, ఎవరు నిద్రపోయారు అన్నది మాత్రం ఎవరూ అడగరు. ప్రియమైన పాఠకులారా! ఈ నెల పాఠంలో దాని గురించే తెలుసుకుందాం.

మనసులో గుబులు పుట్టగానే మూత్రపిండాల పైనుండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే స్రావాన్ని వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తం కండరాల వైపు మళ్ళుతుంది, కడుపు పని మందగిస్తుంది. చెడ్డ కబురు విన్న పూట ముద్ద గొంతు దిగకపోవడానికి కారణం ఇదే. దిగులు వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే మరో స్రావం పెరుగుతుంది. అప్పుడు కొందరికి తీపి మీదికి, నూనెలో వేయించిన వాటి మీదికి మనసు లాగుతుంది. మరికొందరికి ఆకలే చచ్చిపోతుంది. షుగరు వ్యాధి ఉన్నవారికైతే రక్తంలో చక్కెర అదుపు తప్పుతుంది. ఇంటి ఇల్లాలు అందరికీ వడ్డించి చివర్లో కూర్చుంటుంది గనుక, ఆమె తినడం మానేసిన సంగతి చాలా రోజుల వరకు ఎవరి కంటా పడదు.

నిద్ర సంగతీ ఇంతే. మామూలుగా కార్టిసాల్ అర్ధరాత్రి వేళకు బాగా తగ్గి, తెల్లవారుజామున పెరుగుతుంది. ఆందోళనలో ఉన్నవారికి ఈ క్రమం చెదిరిపోతుంది. పడుకున్నా కన్ను మూతపడదు, లేదా రెండు మూడు గంటలకే మెలకువ వచ్చి వడ్డీ లెక్కలు కళ్ళ ముందు తిరుగుతాయి. మర్నాడు నీరసం పోవడానికి చాయ్ మీద చాయ్ తాగుతారు. చాయ్‌లోని కెఫీన్ అయిదారు గంటల తర్వాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం తాగిన చాయ్ ఆ రాత్రి నిద్రనూ చెడగొడుతుంది.

ఇలాంటి మనిషిని చూసి ‘ఈమాన్ బలహీనంగా ఉంది, అందుకే ఇంత దిగులు’ అనేవారు మన మధ్య ఉన్నారు. ఈ మాట చాలా అన్యాయం. హజ్రత్ యాఖూబ్ (అలైహి) కుమారుని ఎడబాటులో దుఃఖించి దుఃఖించి కంటిచూపు కోల్పోయిన సంగతి దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన దైవప్రవక్త. దుఃఖం ఆయన శరీరాన్నీ తాకింది. హజ్రత్ మర్యం (అలైహి) ప్రసవ వేదనలో, లోకం ఏమంటుందోనన్న భయంలో, అసలు పుట్టకపోయినా బాగుండేదనుకున్న ఘడియలో ఆమెకు అందిన ఆదేశం ఏమిటి? ఖర్జూరాలు తిను, నీళ్ళు తాగు, కళ్ళు చల్లబరచుకో అన్నదే దాని భావం. జనానికి ఎలా జవాబివ్వాలన్నది ఆ తర్వాతే వచ్చింది.

హిజ్రీ 8వ సంవత్సరంలో (క్రీ.శ. 629) మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అమరులయ్యారు. ఆ వార్త మదీనాకు చేరినప్పుడు, జాఫర్ కుటుంబం కోసం భోజనం వండమని దైవప్రవక్త (స) తమ వారికి చెప్పారు. వంట గురించి ఆలోచించే స్థితిలో ఆ ఇంటివారు లేరన్నదే కారణం. ఈ సంప్రదాయాన్ని మనం చావు ఇంటికే పరిమితం చేసుకున్నాం. పంట పోయిన ఇంటికి, జప్తు నోటీసు వచ్చిన ఇంటికి కూడా ఒక గిన్నె అన్నం, కాస్త పప్పు తీసుకువెళ్ళడానికి అడ్డేమిటి? హజ్రత్ ఆయిషా (రజి) శోకంలో ఉన్నవారికి తల్బీనా అనే యవల పిండి జావ పెట్టించేవారు. అది రోగి మనసుకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ఆమె దైవప్రవక్త (స) నోట విన్నారు. మన ఊళ్ళో యవలు దొరక్కపోతే రాగి జావ, జొన్న గటుక ఉన్నాయి. ముద్ద దిగనివారికి పల్చని జావ సులభంగా దిగుతుంది.

ఇషాకు ముందు నిద్రపోవడం, ఇషా తర్వాత కబుర్లలో కూర్చోవడం దైవప్రవక్త (స)కు నచ్చేవి కావు. అప్పుల చర్చ ఎలాగూ తప్పదు. దాన్ని అసర్ తర్వాత, వెలుగుండగానే ముగించుకోవడం మేలు. పడుకోబోయే వేళ భార్యాభర్తలు లెక్కల పుస్తకం తెరిస్తే ఇద్దరికీ నిద్ర ఉండదు, పక్కన పిల్లలూ వింటూ పడుకుంటారు. మెలకువ వచ్చినప్పుడు వుజూ చేసి రెండు రకాతులు చదువుకోవడం మంచిదే. అయితే రాత్రంతా నమాజులోనే గడపబోయిన హజ్రత్ అబూ దర్దా (రజి)ను హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆపి పడుకోబెట్టారు, దైవప్రవక్త (స) సల్మాన్ చేసిందే సరైనదన్నారు.

అప్పిచ్చినవారికీ ఇందులో బాధ్యత ఉంది. తీర్చలేని స్థితిలో ఉన్నవానికి గడువివ్వమని ఖుర్ఆన్ ఆదేశించింది. మస్జిదులో బాకీ గురించి గొంతులు పెరిగినప్పుడు దైవప్రవక్త (స) హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు సైగ చేసి సగం మాఫీ చేయించారు, మిగతాది వెంటనే తీర్చమని బాకీదారునికి చెప్పారు.

1997–98 పంట కాలంలో వరంగల్ జిల్లాలో పురుగు పత్తిని తినేసినప్పుడు ఎందరో రైతులు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నారు. రేగొండ అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది, 2016లో భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. ఇది గుర్తుంచుకునే చెబుతున్నాం: రెండు వారాలుగా సరిగా తినక, నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడక ఉన్న మనిషిని ‘అదే సర్దుకుంటుందిలే’ అని వదిలేయవద్దు. ‘బతికి ఏం లాభం’ అన్న మాట వినబడితే రెండు వారాలు కూడా ఆగవద్దు, ఆ రోజే మనిషిని ఒంటరిగా ఉంచకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. దుఆతో పాటు వైద్యం చేయించుకోవడం కూడా సున్నతే. పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచకుండా వేరేచోట తాళం వేసి, తాళంచెవి మరొకరి దగ్గర పెట్టండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.