సౌర ఫలకం – తాత ఏతం

మా పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో వానకు కరువుగాని ఎండకు కరువు లేదు. 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో, గిరిజన రైతుల పోడు భూములకు సౌర పంపులిచ్చే 'ఇందిర సౌర గిరి జల వికాసం' పథకం ప్రారంభమైంది. ఫలకాలు పెట్టడానికి మనుషులు వస్తారు. తరువాత వాటి ఆలనాపాలనా రైతే చూసుకోవాలె.

మా బాయికాడ 4 మీటర్ల ఇనుప స్తంభం మీద ఒక ఫలకం ఉండేది. స్తంభం అడుగున మడతబందు. పోయిన ఎండాకాలం దుమ్ము కడుగుదామని నాయిన, నేను తాడు పట్టి దించినం. మొదట్ల దూదిలెక్క వచ్చింది. సగం దాటినాక తాడు మమ్మల్నే గుంజుకపోయింది. "ఇడిచిపెట్టు బిడ్డా!" అని నాయిన అరిచిండు. తను మాత్రం విడువలేదు. ఫలకం పగిలింది. నాయిన అరచేతుల తోలు లేచిపోయింది.

బి.యస్సీ. చదివే నేను ముందే లెక్క వేయవలసింది. ఫలకం, చట్రం కలిసి 30 కిలోలు, 4 మీటర్ల దూరాన: 120. స్తంభం 30 కిలోలు, గరిమనాభి 2 మీటర్ల దూరాన: 60. మొత్తం భ్రామకం 180 కిలోగ్రామ్-మీటర్లు. ఇది స్తంభం నేలకు ఒరిగినప్పటి మాట. నిటారుగా ఉంటే సున్న. నేలకు 60 డిగ్రీల కోణంలో 90. మేము తేలికని నమ్మిన బరువు దించేకొద్దీ పెరిగిందన్నమాట.

తాత విని, "ఏతానికి వెనుక రాయి ఎందుకు కడుతరు రా?" అన్నడు. అదే కీలకం. కాని మీటరు దూరాన రాయి కట్టాలంటే 180 కిలోలు కావాలె. అందుకని స్తంభం మొదట్లో లంబంగా 2 మీటర్ల గుంజను గట్టిగా బిగించినం. దాని కొన నుంచి, బందుకు అవతల 4 మీటర్ల దూరాన నాటిన మేకుకు తాడు. ఇప్పుడు ఎక్కువలో ఎక్కువ లాగు సుమారు 100 కిలోలు. నాలుగు పేటల కప్పీతో, రాపిడి విడిచిపెడితే, 25.

మిత్రులు మూడు సంగతులు మరువవద్దు. గాలి ఉన్ననాడు దించవద్దు. స్తంభం పక్కకు ఒరగకుండా ఇరువైపులా తాళ్లుండాలె. ఎండలో ఫలకానికి ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పొద్దుగూకినాకనే తీగలు విప్పాలె.

మొన్న కొత్త ఫలకాన్ని కడగడానికి దించినం. తాడు నాయినే పట్టిండు. దించినాక అరచేతులు తెరిచి నాకు చూపించిండు.