నడిస్తేనే బండి

హైదరాబాదులోని చౌమహల్లా రాజప్రాసాదాన్ని దర్శించేవారి దృష్టిని పసుపు వన్నెతో మెరిసే ఒక పాత కారు వెంటనే ఆకర్షిస్తుంది. దాని వెనుక భాగంలో ఉన్నది మామూలు సీటు కాదు, సింహాసనాన్ని తలపించే ఉన్నతాసనం. పైకప్పు గుమ్మటం వలె ఉబికి ఉంటుంది. ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ నిర్మించిన ‘సిల్వర్ ఘోస్ట్’ నమూనా కారు ఇది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దీనికి ఆర్డరు ఇచ్చాడు. 1911లో ఆయన మరణించడంతో కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కొలువుకు చేరింది. ఊరేగింపులకు, ఉత్సవాలకు మాత్రమే ఉద్దేశించినది కనుక అది తిరిగిన దూరం బహు స్వల్పం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి నాలుగు వందల మైళ్లైనా తిరుగలేదని చెబుతారు. ఆ తరువాత చాలాకాలం ఆలనాపాలనా లేక శిథిలమై, చివరకు నిపుణుల చేతిలో పునరుద్ధరణ పొందింది.

ఇదే నమూనాకు చెందిన మరొక కారు కథ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ‘ఏఎక్స్ 201’ అనే నంబరు గల ఆ కారు 1907లో తయారైంది. వెండి రంగు పూసి, వెండి పూత గల సామగ్రి అమర్చి, చప్పుడు లేకుండా నీడలా సాగిపోతుందన్న భావంతో కంపెనీ అధికారి క్లాడ్ జాన్సన్ దానికి ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పెట్టాడు. క్రమంగా ఆ ఒక్క కారు పేరే ఆ నమూనా అంతటికీ వాడుకలోకి వచ్చింది. 1907లోనే దానిని లండన్, గ్లాస్గో నగరాల మధ్య 27 సార్లు నడిపి, పదిహేను వేల మైళ్ల పరీక్షకు గురిచేశారు. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో అది పద్నాలుగు వేల మైళ్లకు పైగా యంత్రలోపంతో ఒక్కసారైనా ఆగకుండా నడిచింది. పరీక్ష ముగిసిన తరువాత కూడా దానికి విశ్రాంతి దొరకలేదు. ఆ కారు తన జీవితకాలంలో ఐదు లక్షల మైళ్లకు పైగా తిరిగింది.

ఒకే కంపెనీ, ఒకే నమూనా, కొద్ది సంవత్సరాల తేడా. ఒకటి లక్షల మైళ్లు తిరిగి ఆరోగ్యంగా నిలిచింది. మరొకటి కదలక మెదలక ఉండి జీర్ణించింది. పాతకార్లను ప్రేమించేవారి మధ్య తరాలుగా సాగుతున్న వాదానికి మూలం ఈ వైరుధ్యంలోనే కనిపిస్తుంది. అపురూపమైన యంత్రాన్ని అద్దాల గదిలో దాచడం ప్రేమా, లేక దుమ్ములోకి నడిపించడం ప్రేమా అన్నదే ఆ వాదం.

హెన్రీ రాయిస్ పేదరికంలో పెరిగి, స్వయంకృషితో ఇంజనీరు అయినవాడు. చార్లెస్ రోల్స్ ప్రభువుల కుటుంబంలో పుట్టి, కార్లు అమ్మే వ్యాపారం పెట్టినవాడు. 1904లో మాంచెస్టరులోని ఒక హోటలులో వీరిద్దరూ కలుసుకున్నారు. రెండేళ్ల తరువాత, 1906లో, ఆరు సిలిండర్ల కొత్త కారును ప్రదర్శనకు పెట్టారు. దాని ఇంజను పరిమాణం ఏడు లీటర్లకు పైబడినది. 1926 వరకు ఇంగ్లండులోను, అమెరికాలోను కలిపి 7,874 కార్లు తయారయ్యాయి.

అయితే ‘కారు తయారైంది’ అనే మాటకు ఆనాటి అర్థం వేరు. కంపెనీ అమ్మేది ఇంజను, చట్రం, చక్రాలు మాత్రమే. పైభాగాన్ని కొనుగోలుదారు తన అభిరుచిని బట్టి వేరే సంస్థ చేత కట్టించుకునేవాడు. పూర్వం గుర్రపు బగ్గీలు కట్టిన వంశపారంపర్య నిపుణులే ఈ పని చేపట్టారు. నిజాం కారుకు పైభాగం కట్టిన బార్కర్ సంస్థ 1710 నుండి బగ్గీలు కట్టిన అనుభవం గలది. దారుచట్రం మీద లోహపు రేకులను సుత్తితో కొట్టి, వంపులు తేల్చి, అతికి, పలుమార్లు రంగు పూసి, ప్రతి పొరనూ చేతితో రుద్ది నునుపు చేసేవారు. అందువల్ల అచ్చంగా ఒకే విధంగా ఉండే రెండు కార్లు దొరకడం అరుదు. పాతకార్ల మీద మోజుకు ముఖ్యకారణం ధనమో, దర్పమో అని పైకి తోచవచ్చును గాని, వాటిని దగ్గరగా చూసినవారిని కట్టిపడవేసేది మాత్రం ఈ హస్తకౌశలమే.

ఈ కార్లు సుకుమారమైనవని భావించడం పొరపాటు. 1912లో ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన పోటీలో ఒక సిల్వర్ ఘోస్ట్ నిటారైన ఎగుడులో ఆగిపోయి, తిరిగి కదలలేకపోయింది. మూడు గేర్లు చాలకపోవడమే అందుకు కారణం. కంపెనీ ఆ అవమానాన్ని దిగమింగి, నాలుగు గేర్లు అమర్చి, 1913లో అవే కొండలను అవలీలగా ఎక్కించింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ చట్రాల మీదనే ఉక్కు కవచాలు బిగించి ఎడారులలో పోరాటానికి పంపారు. నూరేళ్ల తరువాత, 2013లో, సిల్వర్ ఘోస్ట్ యజమానులు తమ కార్లతో ఆల్ప్స్ యాత్రను మళ్లీ జరిపారు.

పాతకార్లను కాపాడాలన్న ఆలోచన ధనికుల భవనాలలో పుట్టలేదు. 1920ల నాటికి తొలితరం కార్లు ఎవరికీ అక్కరలేని తుక్కుగా మారాయి. 1896లో జరిగిన ఒక చారిత్రక ప్రయాణానికి గుర్తుగా 1927లో లండన్ నుండి బ్రైటన్ వరకు పాతకార్ల పరుగు ఏర్పాటయింది. 1905కు పూర్వం తయారైన బండ్లు నేటికీ అందులో పాల్గొంటాయి. 1934లో ఇంగ్లండులో వెలసిన ‘వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్’ కొత్త కార్లు కొనే స్తోమత లేని యువకులను ఉద్దేశించి పుట్టినది. ద్రాక్షసారా తయారైన సంవత్సరాన్ని తెలిపే ‘వింటేజ్’ అనే మాటకు కార్ల విషయంలో నిర్దిష్టమైన అర్థం స్థిరపడింది ఆ క్లబ్బు వల్లనే. వారి లెక్క ప్రకారం 1930తోనే వింటేజ్ కాలం ముగిసింది. మన పత్రికలలో ఏ పాతకారు కనిపించినా ‘వింటేజ్ కారు’ అని వ్రాయడం వాడుక. క్లబ్బు సభ్యులు మాత్రం ఈ వాడుకను ససేమిరా అంగీకరించరు.

భారతదేశంలో ఈ కార్లకు ప్రధాన ఆశ్రయం సంస్థానాలు. రాజుల కార్ల గురించి కట్టుకథలకు కొదువ లేదు. అమ్మకందారు అవమానించాడని ఒక రాజు రోల్స్ రాయిస్ కార్లతో వీధులు ఊడ్పించాడనే కథ నేటికీ ప్రచారంలో ఉంది. ఒక్కొక్కరు ఒక్కొక్క రాజు పేరు చెబుతారే తప్ప నమ్మదగిన ఆధారం చూపినవారు లేరు. నిజంగా జరిగిన కథ ఇంతకన్నా విషాదకరమైనది. సంస్థానాల విలీనం తరువాత కార్లను పోషించే శక్తి చాలా కుటుంబాలకు తగ్గింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. అప్పటికే విదేశీ వర్తకులు అయినకాడికి కొని ఎన్నో అపురూపమైన కార్లను ఓడలకెక్కించారు. మరికొన్ని షెడ్డులలో తుప్పుపట్టాయి. తరువాత ప్రభుత్వం పాతకార్ల ఎగుమతిపై ఆంక్షలు విధించింది గాని, పోయినవి పోగా మిగిలినవే మనకు దక్కాయి.

మిగిలినవాటి పట్ల జనంలో ఆదరం పెంచడంలో స్టేట్స్‌మన్ పత్రిక పాత్ర పెద్దది. ఆ పత్రిక 1964లో ఢిల్లీలోను, 1968లో కలకత్తాలోను పాతకార్ల ర్యాలీలు ప్రారంభించింది. ఢిల్లీ ర్యాలీలో జనాన్ని అమితంగా ఆకట్టుకున్న వాహనాలలో ఒకటి విలాసవంతమైన కారు కానే కాదు, మన నిజాం రాష్ట్ర రైల్వేకు సేవచేసిన ‘జాన్ మోరిస్’ అగ్నిమాపక శకటం. 1914లో ఇంగ్లండులో తయారై, 1960 వరకు పనిచేసిన ఆ శకటం తరువాత ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియానికి చేరింది. అందరికీ అందుబాటులో లేని రాచకార్ల నడుమ నౌకరీ చేసిన బండికి లభించిన ఈ గౌరవం గమనింపదగినది.

చట్టం కూడా ఈ వాహనాలను ప్రత్యేకంగా గుర్తించింది. యాభై ఏళ్లు పైబడి, మూలరూపం చెడకుండా ఉన్న రెండు, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలను కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. వాటి నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుకొనడానికి, మరమ్మతులకు మాత్రమే వాటిని రోడ్డు మీదికి తేవాలి. నిత్యం వాడుకోరాదు. కాలుష్యాన్ని తలచుకుంటే ఈ నిబంధన సమంజసమే. అయితే యంత్రాన్ని అప్పుడప్పుడైనా కదపడానికి ఇందులో దారి ఉండడం యజమానులకు ఊరట.

కదపకపోతే ఏమవుతుందో మెకానిక్కులకు బాగా తెలుసు. నిలిచిపోయిన కారులో పెట్రోలు జిగురుగా మారి గొట్టాలను మూసివేస్తుంది. తోలు, రబ్బరు ఎండి పగులుతాయి. బ్రేకులు పట్టివేస్తాయి. బరువంతా ఒకేచోట మోపడం వల్ల టైర్లు అణగిపోతాయి. తలుపుల లోపలి కొయ్య చెమ్మతో చివికిపోతుంది. ఇటువంటి కారును బాగుచేయడానికి విడిభాగాలు దుకాణంలో దొరకవు. అరిగిన భాగాన్ని కొలిచి, అచ్చు చేయించి, పోతపోసి, లేతు మీద తీర్చాలి. రేకు పనికి సుత్తి దెబ్బ తెలిసిన టింకరు కావాలి. పాత సిల్వర్ ఘోస్ట్‌ను కదిలించడమే ఒక విద్య. ట్యాంకులోకి చేతిపంపుతో గాలి కొట్టి, నిప్పురవ్వ ఆలస్యంగా పడేటట్లు స్టీరింగు మీది మీటను జరిపి, అప్పుడు ముందున్న హ్యాండిలు తిప్పాలి. ఆ మీట సంగతి మరిచినవారి మణికట్టు విరిగే ప్రమాదం ఉంది.

బాగుచేయడంలోనూ తగుపాళ్లు తెలియాలి. కొత్త తోలు, కొత్త నికెలు పూత, అద్దంలాంటి రంగు వేయించి కారును పెళ్లికూతురులా ముస్తాబు చేయడం చాలాకాలం గొప్పగా చెల్లింది. అంతటి తళతళ ఫ్యాక్టరీ నుండి వచ్చిననాడు కూడా ఆ కారుకు లేకపోవచ్చు! మాసిన తోలును, వెలసిన రంగును చెరిపివేస్తే కారు చరిత్ర కూడా చెరిగిపోతుందని మరొక పక్షం వాదిస్తుంది. 1950లో మొదలైన అమెరికాలోని పెబుల్ బీచ్ ప్రదర్శన ఈ రంగంలో పేరెన్నిక గన్నది. అక్కడ 2024లో ప్రథమ బహుమతి పొందిన 1934 నాటి బుగాటి పునరుద్ధరణ చేయని కారు. ఆ ప్రదర్శనలో అటువంటి కారుకు అత్యున్నత బహుమతి రావడం అదే మొదటిసారి. గీతలు, మరకలు గల ఆ నల్లని కారు, మెరిసే కార్లన్నిటినీ వెనుకకు నెట్టింది.

ధర పెరగడం వల్ల కొత్త చిక్కు వచ్చిపడింది. 2022లో ఒక మెర్సిడెస్ బెంజ్ కారు వేలంలో పదమూడున్నర కోట్ల యూరోలు పలికింది. అంత వెలగల వస్తువును వర్షంలో నడపడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? పెట్టుబడిగా కొన్న కార్లు తాళం వేసిన గోదాములలోనే చేతులు మారుతున్నాయి. కారు నడవనప్పుడు దానిని నడిపించే విద్య కూడా మరుగున పడుతుంది. కారును కొనవచ్చు గాని, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల చెవిని వేలంలో కొనలేరు.

ఇంగ్లండులోని బైసెస్టర్‌లో ఒక పాత వైమానిక స్థావరాన్ని చారిత్రక వాహనాల కేంద్రంగా మార్చి, అక్కడ యువతకు ఈ మరమ్మతు విద్యలో అప్రెంటిస్ శిక్షణ ఇస్తున్నారు. మన నగరాలలో ఈ విద్య చాలావరకు ఉస్తాదు నుండి శిష్యునికి షెడ్డులోనే సంక్రమిస్తూ వచ్చింది. పదేళ్లు పానాలు అందించిన కుర్రవాడే తరువాత ఉస్తాదు అవుతాడు. కంప్యూటరుతో లోపాన్ని పట్టే కొత్త కార్ల కాలంలో, కార్బురేటరును చేత్తో విప్పి శుభ్రపరచడం నేర్చుకోవడానికి షెడ్డుకు వచ్చే కుర్రవాళ్లు తగ్గుతున్నారు.

ప్రశ్నలు

1. నిజాం కారుకు, ‘ఏఎక్స్ 201’ కారుకు గల భేదాన్ని వివరించండి.
2. సంస్థానాల కార్లు విదేశాలకు తరలిపోవడానికి గల కారణాలేవి?
3. పాతకారును కొత్తదానిలా తీర్చిదిద్దడం, ఉన్నది ఉన్నట్లు కాపాడడం – ఈ రెండింటిలో మీరు దేనిని సమర్థిస్తారు? ఎందుకు?
4. మీ ఊరిలో చాలాకాలంగా మరమ్మతు పని చేస్తున్న ఒక మెకానిక్కును కలిసి, ఆయన విద్య నేర్చిన తీరును గురించి ఒక పుట వ్రాయండి.