రిపోర్టు బాగుందని మాత్ర ఆపొచ్చా?

ప్రశ్న: మా నాన్నకు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్. ఇమాటినిబ్‌తో రక్తపరీక్షలు మామూలుకొచ్చాయి. ఇక ఆపేయొచ్చా? - పాఠకుడు, జహీరాబాద్

జవాబు: డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఈ జబ్బులో బీసీఆర్-ఏబీఎల్ అనే ప్రొటీన్ తెల్లకణాలను అదుపు లేకుండా పెంచుతుంది. ఇమాటినిబ్ చాలా చిన్న అణువు. ఆ ప్రొటీన్ గాడిలో దూరి, తలుపుకు గొళ్లెం పెట్టినట్టు దాన్ని పనిచేయని ఆకారంలోనే బిగించేస్తుంది. మందు ఆగితే ప్రొటీన్ మళ్లీ పనిలో పడుతుంది. రిపోర్టు బాగున్నా జబ్బు కణాలు కొన్ని మిగిలే ఉండొచ్చు.

ఖర్చే ఇబ్బందైతే జెనరిక్ (అదే మందు, చవక రకం) అడగండి. 2013లో సుప్రీంకోర్టు ఈ మందు అసలు కంపెనీ నోవార్టిస్‌కు పేటెంటును నిరాకరించాక చవక మాత్రలకు అడ్డు తొలగింది. హైదరాబాద్ సంస్థ నాట్కో కూడా తయారుచేస్తోంది.

మాత్ర భోజనంతో, గ్లాసు నిండా నీళ్లతో వేయించండి. డాక్టరు చెప్పిన గడువుకు బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష తప్పించొద్దు. నాటు మందులు కలపొద్దు.

జ్వరం, రక్తస్రావం, ఆయాసం, హఠాత్తుగా వాపు వస్తే వెంటనే చికిత్స చేస్తున్న డాక్టరును కలవండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.