శివారు ఆయకట్టులో సహకార సంఘాల పాత్ర: ఉప్పలగుప్తం మండల వరి సాగుపై పరిశీలన

గోదావరిపై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు సాగునీటిని అందించింది. అయితే సముద్రతీరాన ఉన్న ఉప్పలగుప్తం మండలం మధ్య డెల్టా కాలువలకు శివారు ప్రాంతం. సార్వా ఆరంభంలో ఎగువ పొలాలు తడిసిన తరువాతనే ఇక్కడికి నీరు చేరుతుంది. భారీ వర్షాలు కురిసినప్పుడు ఎగువ మురుగు కూడా తీర గ్రామాల మీదుగానే సముద్రంలో కలవవలసి ఉంటుంది. పోటు సమయంలో ఆ నీరు వెనుకకు తన్నుతుంది. కాలువలో పూడిక, గుర్రపుడెక్క పేరుకున్నచోట ముంపు మరిన్ని రోజులు నిలుస్తుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు వరి నాటక పంట విరామం ప్రకటించారు. పెరిగిన కూలి ఖర్చు, గిట్టుబాటు కాని ధర, మురుగు సమస్య ఇందుకు ప్రధాన కారణాలు. దీనిపై ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. 2022లో కోనసీమలో పంట విరామం మాట మరల వినిపించింది. సాగు మానడానికి ఒక్కటైన రైతులు, సాగు చేయడానికి అదే ఐక్యతను ఎట్లు నిలుపుకోగలరన్నది పరిశీలింపదగిన ప్రశ్న.

నీరు, విత్తే కాలం

ఒక రైతు తన గట్టును ఎంత ఎత్తు చేసినా మురుగు కాలువ పారకపోతే ఫలితం ఉండదు. స్వర్ణ (ఎంటీయూ 7029) వంటి సుమారు 150 రోజుల రకాన్ని జూన్ చివర విత్తితే కోత నవంబరు మూడవ వారం దాటి తుఫానుల కాలంలో పడుతుంది. జూన్ మొదటి వారంలో విత్తినచో నవంబరు ఆరంభానికే కోతకు వస్తుంది. కాని ఒక్కరే ముందుగా విత్తితే ఎలుకలు, పక్షులు ఆ మడిపైనే పడతాయి. కావున ఉమ్మడి నారుమళ్లు, ఒకే కాలంలో నాట్లు, వేసవిలో పంట బోదెల పూడికతీత సంఘం చేపట్టదగిన పనులు. 1997 చట్టం కింద ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘాలు ఇందుకు తగిన వేదిక.

పరపతి, విక్రయం

1956లో కరీంనగర్ ప్రాంతంలో స్థాపితమైన ములుకనూరు సహకార సంఘం రుణం, ఎరువులు, విత్తనం, ధాన్యం కొనుగోలు అన్నింటినీ ఒకే గూటికి చేర్చింది. సభ్యుని పంట సంఘానికే చేరుతుంది కనుక బాకీ వసూలు సులభమవుతుంది. సభ్యుల పొదుపే సంఘానికి బలం. అప్పు ఇచ్చుటతో ఆగిపోయే సంఘానికి ఈ సౌలభ్యం ఉండదు. తడిసిన ధాన్యాన్ని వెంటనే అమ్ముకోక తప్పని తీర మండలంలో ఉమ్మడి ఆరుబోత కళ్లాలు, టార్పాలిన్లు, గిడ్డంగి రుణంతో సమానంగా అవసరం.

కౌలుదారు స్థానం

పంట నష్టం కౌలుదారునిది. పాసు పుస్తకం యజమానిది. 2011 చట్టం రుణ అర్హత కార్డును కల్పించింది. 2019 చట్టం 11 నెలల ఒప్పందంపై సాగు హక్కు పత్రానికి వీలు కల్పించినా, దానికి యజమాని సంతకం కావలెను. హక్కుకు భంగం కలుగునేమోనన్న శంకతో సంతకానికి వెనుకాడే యజమానులున్నారు. నలుగురు నుంచి పదిమంది సభ్యులతో, పరస్పర హామీపై ఏర్పడే ఉమ్మడి బాధ్యతా బృందాలకు భూమి తాకట్టు అవసరం లేదు. ప్రాథమిక సహకార సంఘాలు ఈ బృందాలను తమలో చేర్చుకొనుట తొలి మెట్టు కాగలదు.

ముగింపు

శివారు గ్రామంలో నీరు, అప్పు, అమ్మకం విడివిడి సమస్యలు కావు. భూమి ఉన్నవానికే ఓటు, రుణం ఇచ్చే సంఘం సాగు చేసేవానిని వెలుపలే నిలుపుతుంది. దుక్కి దున్నేవాడు సభ్యుడైనప్పుడే సహకారం శివారు మడి వరకు చేరగలదు.