కనిపించని పొగ

మేడమీద కుంపటి రాజేసి మాంసమో, మొక్కజొన్న పొత్తులో కాల్చుకొనడం ముచ్చటైన వేడుక. అయితే వాన రాగానే ఆ కుంపటిని గదిలోనికి తెచ్చుట ప్రాణాంతకం.

పొగ సోకినవానికి ఆయాసం, తుమ్ములు, దగ్గు, కన్నుల మంట కలుగుతాయని సుశ్రుత సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయం చెప్పుచున్నది. ఆ బాధలే మనలను హెచ్చరించి బయటికి పంపుతాయి. పొగ తగ్గి కణకణలాడే బొగ్గులు అట్లు హెచ్చరించవు. వాటినుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకొని శరీరానికి ప్రాణవాయువు అందనీయదు. కిటికీ తెరచినంత మాత్రాన రక్షణ లేదు.

తలనొప్పి, వికారం, తల తిరుగుట తోచినచో అందరూ వెంటనే ఆరుబయటికి వచ్చి, ఆసుపత్రికి పోవలెను. అది చిట్కాలతో తీరేది కాదు. వంట ముగిసినా, బూడిద పూర్తిగా చల్లారువరకు కుంపటిని బయటనే ఉంచవలెను.