అడవి దాచిన బాలుడు

కృష్ణా డెల్టాలో, గుంటూరు జిల్లా చేబ్రోలునకు సమీపమున కొత్తరెడ్డిపాలెమను గ్రామమున్నది. అచ్చట కొన్ని తెలుగు కుటుంబములవారు శనివారమును విశ్రాంతిదినముగా పాటింతురు. హీబ్రూ భాషలో ప్రార్థనలు చేయుదురు. వారు తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకొందురు. తమది యూదమతమని వారి విశ్వాసము. వారి ప్రార్థనామందిరము 1991లో ఏర్పడినది. కేరళమునందలి కొచ్చిన్‌లో 1568లో కట్టిన యూదుల మందిరము నేటికిని నిలిచియున్నది. ఇరుగుపొరుగువారితో కలసిమెలసి ఈ దేశమున యూదులు శతాబ్దముల తరబడి జీవించిరి.

కాని, ఇరువదవ శతాబ్దిలో ఐరోపాఖండమున యూదుడై పుట్టుటయే మరణమునకు చాలిన నేరమైనది. హిట్లరు పాలించిన జర్మనీయు, దానికి తోడ్పడిన ప్రభుత్వములును రెండవ ప్రపంచయుద్ధకాలమున సుమారు అరువదిలక్షల యూదులను చంపించినవి. వారిలో సుమారు పదునైదులక్షలమంది బాలబాలికలు. ఆ ఘోరమునుండి ఒంటరిగా బయటపడిన ఒక బాలుని కథ ఇది.

ఆతని పేరు ఎర్విన్ ఆపెల్‌ఫెల్డ్. 1932 ఫిబ్రవరి 16వ తేదీన, నాడు రుమేనియాలో నుండిన చెర్నోవిట్స్ నగర సమీపమున జన్మించెను. ఆ ప్రాంతము నేడు యుక్రేనులో నున్నది. తల్లిదండ్రులకు ఆతడొక్కడే సంతానము. ఇంట జర్మను భాష మాట్లాడెడివారు. తాత, అవ్వ యిడ్డిష్ భాష మాట్లాడుదురు. పనివారివలన యుక్రేను భాష పట్టువడినది. ఈ చివరి భాషయే పిమ్మట తన ప్రాణములు కాపాడునని ఆ పసివాడెట్లు ఎరుగును?

1941లో జర్మను సేనలును, వానితోడి రుమేనియా సేనలును ఆ సీమను ఆక్రమించినవి. ఒకనాడు ఎర్విన్ గవదబిళ్లలతో పడకపై నుండెను. బయట తుపాకులు మ్రోగినవి. తల్లి కేక వినబడినది. బాలుడు కిటికీనుండి దుమికి, ఇంటివెనుకనున్న మొక్కజొన్న చేనిలో దాగెను. మన కృష్ణాతీరమున మొక్కజొన్నచేలలో దాగుడుమూతలాడని పిల్లలుందురా? ఎర్విన్ దాగినది ఆటకు గాదు. ఆనాడు ఆతని తల్లియు, అవ్వయు హతులైరి.

పిదప తండ్రీకొడుకులను ద్నీస్టరు, బూగు నదుల నడిమి సీమకు తరలించిరి. రుమేనియా ప్రభుత్వము యూదులనచ్చట శిబిరములలో బంధించియుండెను. అచ్చట తండ్రిని బాలునినుండి వేరుచేసిరి. పిల్లవాడు ఒంటరివాడయ్యెను.

అది 1942వ సంవత్సరము. ఆ ఏప్రిల్ 6వ తేదీననే జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. మన తీరమున ఎందరో తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని లోనాటి గ్రామములకు తరలిపోయిరి. ఆ యేటి శరత్కాలమున, చేయిపట్టి నడిపించువారెవరును లేని పదేండ్ల ఎర్విన్ శిబిరమునుండి తప్పించుకొని అడవిలో ప్రవేశించెను.

అడవిలో ఆతడు పండ్లు ఏరుకొని తినెను. సెలయేటి నీరు త్రాగెను. ఒకచో ఎర్రని పండ్లతో నిండిన ఆపిలుచెట్టు కనబడగా ఆశ్చర్యముతో నిలిచిపోయెను. తల్లిదండ్రులు వచ్చి తన్ను కొనిపోదురని దినదినము ఎదురుచూచెను. తల్లి మరణించినదని ఎరిగియు, ఆమె రాకకై కనిపెట్టుకొనియుండెను. పసిహృదయము సత్యమును ఒక్కసారిగా అంగీకరింపజాలదు గదా!

ఆతనికి మృగములవలన భయము కలుగలేదు, మనుష్యులవలననే కలిగెను. ఆవులు, గుఱ్ఱములు, కుక్కలు ఆతనిని నీ కులమేది, మతమేదియని అడుగలేదు. వాని ప్రక్కన చేరి ఆతడు వెచ్చదనమును, ఊరటను పొందెను. మనుష్యుల నడుగుల చప్పుడు విన్నంతనే దాగికొనెను.

చలికాలమున అడవిలో బ్రతుకుట దుర్లభము. అందుచేత ఎర్విన్ గ్రామముల అంచులకు పోయి పనికి కుదిరెను. ఒంటరిగానుండు ఒక స్త్రీ గుడిసెలో ఇంటిపనులు చేసెను. ఆవు పాలు పితికెను. దొంగల గుంపుతో కూడ కొంతకాలము తిరిగెను. ఎచ్చటను తన జాతి చెప్పలేదు. యుక్రేను భాషలోనే మాట్లాడెను, అదియు మిక్కిలి తక్కువగా. ఒక్క మాట తప్పిన ప్రాణము పోవును. కావున వినుటయే ఆతని విద్యయైనది. ఎదుటివాని కన్నులనుబట్టి, చేతులనుబట్టి మంచిచెడ్డలు గ్రహింప నేర్చెను.

1944లో సోవియటు సేనలు ఆ ప్రాంతమునకు వచ్చినవి. పండ్రెండేండ్ల ఎర్విన్ వారి వంటశాలలో పనికుఱ్ఱడుగా చేరెను. యుద్ధము ముగిసిన పిదప ఇటలీలోని కాందిశీకుల శిబిరమునకు చేరి, 1946లో పాలస్తీనాకు వెళ్లెను. అచ్చట ఆహరోన్ అను పేరు వహించెను. అప్పటికాతని బడిచదువు ఒకటవ తరగతితో ఆగియుండెను.

ప్రాణములు దక్కినవి గాని, ఇంకొక ఆపద పొంచియుండెను. క్రొత్త దేశమున హీబ్రూ నేర్చుకొనవలసివచ్చినది. తల్లి మాట్లాడిన భాష నాలుకనుండి జారిపోవుచుండెను. ఆ భాష పోయినచో తల్లి రెండవసారి మరణించినట్లేయని ఆతడు దుఃఖించెను. అయినను పట్టుదలతో హీబ్రూ పదములు ఒక్కొక్కటిగా నేర్చి, జెరూసలేములోని విశ్వవిద్యాలయమున చదివెను. ఆ భాషలోనే నలువదికి పైగా గ్రంథములు రచించెను. 1983లో ఇజ్రాయెలు దేశపు ఉన్నత పురస్కారము పొందెను. అడవిలో దాగిన ఇద్దరు బాలురను గూర్చి, ఎనుబదియేండ్లు దాటిన పిదప, పిల్లలకొక కథయు వ్రాసెను. 2018 జనవరిలో మరణించెను.

యుద్ధానంతరము చాల సంవత్సరములకు ఆతని జీవితమున ఒక అద్భుతము జరిగినది. వచ్చి చేరినవారి జాబితాలో తండ్రి పేరు కనబడెను! వెదకుచు పోగా, తండ్రి ఒక తోటలో నిచ్చెనపై నిలిచి పండ్లు కోయుచుండెను. కుమారుని జూచి ఆ వృద్ధుడు మాటలు రాక కన్నీరు కార్చెను.

బాలబాలికలారా! ఎర్విన్ ధైర్యవంతుడే; తెలివిగలవాడే. కాని ధైర్యమును, తెలివియు గల పిల్లలు లక్షలకొలది చనిపోయిరి. ఆతడు బ్రతికినది కొంత అదృష్టమువలన గూడ. కావున ఈ కథనుండి మనము నేర్వదగినది అడవిలో బ్రతుకు విద్య గాదు. ఒక పిల్లవానికి మృగములకంటె మనుష్యులే భయంకరులుగా తోచిన లోకము మరల రాకుండ చూచుట మన విధి. మీ తరగతిలో క్రొత్తగా చేరి, యాస వేరగుటచే మాటాడ జంకుచు మూలను కూర్చుండు తోటివాడుండవచ్చును. ఆతని ప్రక్కకు పోయి కూర్చుండుడు. ఆ విధి అచ్చటనే ఆరంభమగును.

ప్రశ్నలు

1. ఎర్విన్‌కు యుక్రేను భాష ఎట్లు వచ్చినది? అది ఆతనికెట్లు తోడ్పడినది?
2. ఆతడు మృగములకంటె మనుష్యులకు ఎక్కువగా భయపడుటకు కారణమేమి?
3. తల్లిభాషను మరచుట తల్లి రెండవసారి మరణించుటయేయని ఆతడేల భావించెను?
4. తండ్రీకొడుకుల పునస్సమాగమమును మీ సొంతమాటలలో వర్ణింపుడు.