గోడమీది మందు

ప్రశ్న: "డయాలసిస్ లేకుండ కిడ్నీ జబ్బు మాయం" అని మా కవిటిలో గోడలపై కాగితము లంటించుచున్నారు. ఇది చెల్లునా?

జవాబు: చెల్లదు. కారణ మింకను తేలని వ్యాధితో మీ ఉద్దాన ప్రాంతపు కొబ్బరితోటల నడుమ ఎన్నో కుటుంబములు కృశించుచుండగా, వారి నిస్సహాయతనే పెట్టుబడిగా చేసికొని, కూలిడబ్బును పొడిపొట్లముల పాలుసేయు ఇట్టి ప్రకటనలకు 1954 నాటి ఔషధ, మాంత్రిక చికిత్సా ప్రకటనల చట్టము అడ్డు నిలిచినది. అందలి వ్యాధుల పట్టికలో నాటివారు బ్రైట్ వ్యాధి యనిన మూత్రపిండ శోథమును, మూత్రపిండములలోని రాళ్లును, మధుమేహమును కలవు. తొలి నేరమునకే ఆరు నెలలవరకు చెర పడవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 10 లక్షల రూపాయలవరకు జరిమానాయు కలదు. ఆ కాగితమును చింపకుడు. అడుగున అచ్చయిన ఫోన్ నంబరు కనబడునట్లు ఫోటో తీసి, శ్రీకాకుళము కలెక్టరునకు అర్జీ పెట్టుడు. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసినను ఫిర్యాదు నమోదగును. ఈలోగా, పొడిని నమ్మి ఎవ్వరును డయాలసిస్ మానకుండ చూడుడు.